డ్రాఫ్ట్ గొడవలో మీరెక్కడ?

ప్రశ్న: హ్యూస్టన్ వచ్చి ఏడాది కాలేదు. జులైలో ఆఫీసులో అందరూ బేస్‌బాల్ డ్రాఫ్ట్ మీద వాదించుకుంటుంటే నోరు తెరవలేక కూర్చున్నాను. నియమాలు నేర్చుకుంటే సరిపోతుందా? ఆరోగ్య బీమాలో ఏ పథకం మంచిది?

జవాబు: సరిపోదు. నియమాలన్నీ కంఠతా పట్టి దెబ్బతిన్నవాణ్ని నేను.

క్లుప్తంగా చెబుతాను, మిగతాది మీరే చదువుకోండి. హైస్కూలు, కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఇప్పుడు 20 విడతలు. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌ను తలకిందులు చేసి చూడండి, అట్టడుగు జట్టుకే ముందు పిలుపు. ఈమధ్య పై స్థానాలకు లాటరీ కూడా వేస్తున్నారు.

నేను వచ్చిన కొత్తలో మన హ్యూస్టన్ జట్టు ఆస్ట్రోస్ అట్టడుగునే ఉండేది. 2011 నుంచి వరుసగా మూడేళ్లు వందకు పైగా ఓటములు, 2013లోనైతే 111. అందుకే 2012, 2013, 2014 మూడేళ్లూ తొలి ఎంపిక మనదే. 2013లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పిచర్ (బంతి విసిరేవాడు) మార్క్ అప్పెల్‌ను తీసుకున్నారు. ఆ వెంటనే రెండో ఎంపికగా షికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ను ఎగరేసుకుపోయింది. అప్పెల్ కింది స్థాయి మైనర్ లీగుల్లోనే తడబడుతుండగా బ్రయంట్ 2015లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. మరుసటి ఏడాది లీగులో అత్యంత విలువైన ఆటగాడనిపించుకుని, కబ్స్‌తో ఏడాది ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ కూడా గెలిచాడు. మా ఆఫీసు భోజనాల గదిలో ఒక పెద్దాయన ఈ కథ తలచుకుని కుమిలిపోయేవాడు.

నాది ఇంజినీరు బుద్ధి కదా. రాత్రంతా పాత డ్రాఫ్టులు తవ్వి, మర్నాడు కాగితం పట్టుకుని వెళ్లాను. తర్వాత మహా ఆటగాళ్లయినవాళ్లనే చూడండి. మైక్ ట్రౌట్ 2009లో 25వ ఎంపిక. అతణ్ని తీసుకున్న ఏంజెల్స్ జట్టే 24వ ఎంపిక కూడా తన చేతిలో ఉంటే వేరే కుర్రాణ్ని పిలిచింది. ఆల్బర్ట్ పూజోల్స్ 1999లో 13వ విడత దాకా మిగిలిపోయాడు, మైక్ పియాజా 1988లో ఏకంగా 62వ విడత దాకా. పద్దెనిమిదేళ్ల కుర్రాడి మోచేయి రేపెలా ఉంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి మీ బాధ అర్థంలేనిదని ఆయనకు అంకెలతో నిరూపించాను. ఆయన మర్యాదగా విని, నువ్వన్నది నిజమే అన్నాడు. ఆ తర్వాత నేను బల్ల దగ్గరకు రాగానే మాటలు ఎండల మీదికి మళ్లేవి.

ఇదేమంత పెద్ద సంగతి అనుకోకండి. శుక్రవారం సాయంత్రం తలుపు వేసుకుంటే సోమవారం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. దుకాణంలో బిల్లు వేసే అమ్మాయి సంచీ కావాలా అని అడిగితే అదే పలకరింపనుకుని సంతోషించేవాణ్ని. తెలుగువాళ్ల ఉగాది వేడుకకు వెళ్లినా పులిహోర తిని ఇంటికి రావడమే. వీసా చిక్కులు తీరతాయి, అప్పులు తీరతాయి. ఒంటరితనం అలా కాదు, ఏళ్ల తరబడి బిగుసుకుంటుంది. మీరు బీమా గురించి అడిగారు గానీ, నన్ను భయపెట్టింది ‘నోరు తెరవలేక’ అన్న మాటే.

నాకు దారి దొరికింది 1992 డ్రాఫ్ట్ వల్ల. ఆ ఏడాదీ తొలి ఎంపిక ఆస్ట్రోస్‌దే. తర్వాత పెద్ద తార అయిన డెరెక్ జీటర్‌ను తీసుకోమని వాళ్ల స్కౌటు (కుర్రాళ్లను వెతికిపెట్టేవాడు) మొత్తుకున్నా వినకుండా ఫిల్ నెవిన్‌ను తీసుకున్నారు. జీటర్ ఆరో ఎంపికగా న్యూయార్క్ యాంకీస్‌కు పోయాడు. పెద్దాయన ఒకనాడు ఆ కథ ఎత్తితే, ఆ స్కౌటు ఏమయ్యాడండీ అని మాత్రం అడిగాను. హాల్ న్యూహౌసర్ అనీ, తన రోజుల్లో మహా పిచర్ అనీ, ఆ కోపంతో ఉద్యోగమే వదిలేశాడనీ మొదలుపెట్టి భోజన విరామం దాటేదాకా చెప్పాడు. ఆ వారమే నన్ను మ్యాచ్‌కు పిలిచాడు.

ఇప్పుడు నేనే ఆఫీసువాళ్లను ఓదారుస్తుంటాను. 2014లో తొలి ఎంపికగా తీసుకున్న బ్రేడీ ఐకెన్ మోచేతి పరీక్ష మీద తగాదా వచ్చి ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఊరంతా తిట్టింది. దానికి పరిహారంగా మరుసటి ఏడాది దక్కిన రెండో ఎంపికతోనే అలెక్స్ బ్రెగ్మన్ వచ్చాడు, 2017లో వరల్డ్ సిరీస్ గెలిచాం. ఈ మాట మీరూ వాడుకోవచ్చు, కానీ వాళ్లు కాసేపు తిట్టుకున్నాకే.

2023లో టొరంటో బ్లూ జేస్ 20వ ఎంపికగా తీసుకున్న అర్జున్ నిమ్మల మీకు చుట్టమా అని కూడా ఎవరో అడుగుతారు. చిన్నబుచ్చుకోకండి, అది స్నేహానికి చాచిన చెయ్యి. మన పక్కనే షుగర్ ల్యాండ్‌లో స్పేస్ కౌబాయ్స్ అని ఆస్ట్రోస్ కింది జట్టు ఉంది. ఎంపికైన కుర్రాళ్లు పై మెట్టుకు పోయే ముందు అక్కడ ఆడతారు. శనివారం ఇంట్లో సీరియళ్లు చూసే బదులు ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి. వచ్చే జులైకి ఒక కుర్రాణ్ని మనసులో పెట్టుకుని, వాణ్నెందుకు వదిలేశారని గట్టిగా సణగండి. మీ అంచనా తప్పయితే ఇంకా మంచిది, ఏడాదంతా ఏడిపించడానికి వాళ్లే మీ బల్ల దగ్గరకు వస్తారు.

బీమా వివరాలు మీ కంపెనీ ఇచ్చిన కాగితాల్లో ఉంటాయి.