హిస్టమిన్ పడనివాళ్ళు ఏం మానాలి? నన్నడిగితే, ముందు నిన్నటి కూర

హిస్టమిన్ (తిండిలోనూ ఒంట్లోనూ ఉండే, ఎక్కువైతే ఎలర్జీలాంటి లక్షణాలు తెచ్చే రసాయనం) పడదని డాక్టర్ చెప్పారనీ, మానేయాల్సినవాటి జాబితా చూస్తే తినడానికి ఏమీ మిగల్లేదనీ, మరేం తినాలనీ మీరు అడిగారు. ఆ జాబితా పక్కన పెట్టండి. అది రోజూ నిలవ చీజ్, సలామీ, రెడ్ వైన్ తీసుకునేవాళ్ళ కోసం రాసింది. మన వంటింట్లో చూడాల్సింది కూర పేరు కాదు, వండి ఎన్ని గంటలైందని.

ఐదేళ్ళ కిందట సంక్రాంతికి కాకినాడ దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళాం. కనుమ రాత్రి కానాగంతల పులుసు. నాలుగు ముక్కలు తిన్నాను, ఏమీ కాలేదు. చేపల పులుసు మర్నాటికే రుచి అని అక్కడ ఎవరినడిగినా చెప్తారు. సగం పులుసు దాకలోనే పొయ్యి పక్కన ఉంచి, ముక్కనుమ పొద్దున్న మరగబెట్టి వడ్డించారు అత్తయ్య. "రాత్రిది ఏం రుచి బాబూ, ఇప్పుడు తినండి" అన్నారు. మారు కూడా వేయించుకున్నాను.

అరగంట కాలేదు, చెవులు కాలిపోతున్నాయి. ముఖం, మెడ ఎర్రగా కందిపోయాయి. గుండె దడ, తల పగిలిపోయే నొప్పి. బావమరిది బండి మీద తీసుకెళ్తే ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేసి "మీకు చేప పడదు" అన్నాడు. మరి రాత్రి ఎలా పడింది? అదే దాకలోది తిన్న మిగతా ఏడుగురూ బాగానే ఉన్నారు. ఏం పెట్టేశానోనని అత్తయ్య ఒకటే ఏడుపు.

తర్వాత తెలిసింది. చేపలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, కానాగంతలు, కవళ్ళు, ట్యూనాల్లో మరీ ఎక్కువ. బయట వేడికి ఉంచితే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఒకసారి తయారైతే ఎంత మరిగించినా పోదు. పేగుల్లో దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ డీఏఓ. అది తక్కువున్నవాళ్ళకి కొంచెం హిస్టమిన్ కూడా ఎక్కువే. మోతాదు బాగా పెరిగితే ఎవరికైనా ఇదే గతి.

ల్యాబుల మీద మాత్రం నాకు చాలా కోపం. రక్తం తీసి, 'పడని పదార్థాలు' అంటూ రెండు పేజీలు ఎర్ర రంగులో ఇచ్చి పన్నెండు వేలు తీసుకున్నారు. అందులో బియ్యం కూడా ఉంది! ఆ ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) పరీక్ష మీరు ఏం తింటున్నారో చెప్తుందే తప్ప ఏం పడదో చెప్పదని తర్వాత చూసిన డాక్టర్ అన్నారు. హిస్టమిన్ పడదని కచ్చితంగా తేల్చే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు.

నాకు పనికొచ్చింది ఒక నోటుబుక్కు. మూడు వారాలు ఏ పూటకాపూట వండినవే తిన్నాను. తర్వాత ఒక్కొక్కటీ మళ్ళీ మొదలుపెట్టి, ఎప్పుడు తిన్నానో, ఏమైందో రాసుకున్నాను. టమాటా, వంకాయ హాయిగా పడ్డాయి. పులిసిన పెరుగు, ఎండుచేపలు పడలేదు. ఆవకాయ ఒక బద్ద వరకూ పర్వాలేదు. కూర మిగిలితే వేడి తగ్గగానే ఫ్రీజర్‌లో పెట్టేస్తాం, కింది అరలో కాదు.

మీరు వాడే మందులన్నీ డాక్టర్‌కి చూపించండి. యాంటీబయాటిక్‌తో కలిపి ఇచ్చే క్లావులానిక్ ఆమ్లం లాంటివి డీఏఓని అడ్డుకుంటాయి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. ఊపిరి ఆడకపోయినా, గొంతు బిగుసుకున్నా ఇంట్లో మాత్రలేసుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు మేం ఊరెళ్తే అత్తయ్య తొట్టిలో ఈదుతున్న కొరమీను తెప్పిస్తారు. కోసిన గంటలో పులుసు పొయ్యి మీద ఉంటుంది. మర్నాటి పులుసు దాక మాత్రం నా కంట పడకుండా పెరటి గదిలో పెడతారు.