రక్తంలో టీబీ పాజిటివ్ అన్నారు, మందులు మొదలెట్టాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా ఆయనకి నెల రోజుల నుంచి దగ్గు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది, బాగా చిక్కిపోయారు కూడా. మా ఊరి ఆర్‌ఎంపీ గారు రాస్తే టౌన్‌లో రక్తపరీక్ష చేయించాం, టీబీ ఐజీఎం పాజిటివ్ అని వచ్చింది. వెంటనే మందులు మొదలెట్టమంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, భయంగా ఉంది.
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ రిపోర్టు పక్కన పెట్టేయండి. దాన్ని బట్టి టీబీ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. అసలు ఆ పరీక్ష చెయ్యనే కూడదు, 2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీకి ఇలాంటి రక్తపరీక్షలు వాడొద్దని చెప్పింది, 2012 జూన్‌లో మన కేంద్ర ప్రభుత్వం ఈ కిట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, వాడకం అన్నీ నిషేధించింది. ఇన్నేళ్లయినా ఇలాంటి కాగితం పట్టుకుని ఎవరైనా వస్తే నాకు కడుపు మండిపోతుంది.

ఈ ఐజీఎం పరీక్ష టీబీ క్రిమిని చూడదు, ఆ క్రిమి మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలని చూస్తుందంతే. మన దేశంలో 15 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 31 శాతం మందిలో ఈ క్రిమి ఎప్పుడో చేరి ఊరికే పడి ఉంది, వాళ్లకి జబ్బు లేదు, కానీ వాళ్లలో చాలామందికి ఇది పాజిటివ్ రావచ్చు. ఇంకోపక్క నిజంగా జబ్బున్నవాళ్లకి, ముఖ్యంగా హెచ్‌ఐవీతో నీరసించినవాళ్లకి, నెగటివ్ వచ్చి ఇంటికెళ్లిపోతారు.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చారు, ఇలాంటి రిపోర్టు చూసే నాలుగు నెలలు మాత్రలు మింగారు, మందులకి లివర్ దెబ్బతిని కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి, దగ్గు మాత్రం అలాగే ఉంది. తీరా చూస్తే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్.

అలాగని మీ ఆయన దగ్గుని తేలిగ్గా తీసుకోవద్దు, మీరు రాసినవన్నీ టీబీని అనుమానించాల్సిన లక్షణాలే. ఆశా అమ్మాయిని అడిగినా చాలు, గళ్ల పరీక్షకి ప్రభుత్వాసుపత్రికి పంపిస్తుంది, డబ్బులక్కర్లేదు. సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ చెయ్యమని అడగండి, అవి క్రిమి జన్యువునే పట్టుకుంటాయి, టీబీకి ముఖ్యమైన రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా చెప్తాయి, మెషీన్ మీద పెట్టాక రెండు గంటల పని. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి.

గళ్ల ఇచ్చేటప్పుడే చాలామంది పొరపాటు చేస్తారు, డబ్బాలో నురగ నురగగా ఉమ్మి పోసిచ్చేస్తారు, అది పనికిరాదు. పొద్దున్నే లేచి మామూలు నీళ్లతో నోరు పుక్కిలించి, ఆరుబయటకెళ్లి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి లోపల్నుంచి దగ్గమనండి, చిక్కగా వచ్చిందే డబ్బాలో పడాలి, మూత బిగించి అదే రోజు ఇచ్చేయండి.

టీబీ అని తేలితే మామూలుగా 6 నెలలు మందులు, ఉచితం, పైగా తిండికని నెలకి 1000 రూపాయలు బ్యాంకులో వేస్తారు. అప్పుడు పాపని కూడా తప్పకుండా తీసుకెళ్లండి, జబ్బు లేదని తేల్చుకున్నాక ముందుజాగ్రత్త మందు ఇస్తారు. ఈలోగా ఆయన్ని గాలి బాగా ఆడే చోట పడుకోమనండి, దగ్గేటప్పుడు తువ్వాలు అడ్డం పెట్టుకోమనండి.