పైడి అని పిలవాలనుకుంటే

చిరంజీవి అమ్మడికి,

పాపను ‘పైడి’ అని పిలుచుకోవాలని నీకుందనీ, మరీ పాతకాలం పేరని మీ ఆయన వెనకాడుతున్నారనీ రాశావు. పాతదే, మొరటుది మాత్రం కాదు. పైడి అంటే పసిడే, బంగారం.

మన విజయనగరం వైపు ఆ మాట వింటే బంగారం కన్నా ముందు పైడితల్లి అమ్మవారే తలపుకొస్తుంది. 1757 జనవరిలో బొబ్బిలి మీదికి యుద్ధానికి వెళ్ళొద్దని విజయనగరం రాజు పెద విజయరామరాజును చెల్లెలు పైడిమాంబ వారించిందనీ, అన్న పోయాక పెద్దచెరువులో ఐక్యమైందనీ, అక్కడే విగ్రహమై దొరికిందనీ చెప్పుకుంటారు. యుద్ధం చరిత్ర, చెరువు సంగతి నమ్మకం. పిల్లకు రెండూ చెప్పు, కలిపేసి చెప్పకు. అమ్మకు మొక్కుకున్నాక పుట్టినవాళ్ళకి పైడితల్లి, పైడమ్మ, పైడిరాజు అని పెట్టేది అందుకే.

పైడితల్లి అని మగపిల్లలకీ పెడతారు. రికార్డులో ఆ ఒక్క మాటే ఉంటే దరఖాస్తుల్లో ఆడా మగా అన్నచోట తప్పు పడొచ్చు. పైడిలక్ష్మి అని రాయించి, ఇంట్లో పైడి అనుకోండి. నాకదే బాగుంది.

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం వేలిమందాన పరిచి బంగారు ఉంగరంతో రాయించు. ఎక్కువ పోస్తే గింజలు జారి గీత పూడిపోతుంది. ఐత్వం సరిగ్గా పడాలి. ఏత్వం పడితే ‘పేడి’ అవుతుంది, అది నపుంసకులను అనే పాత మాట. బడిలో పిల్లను ఏడిపించడానికి అదొక్కటి చాలు.

మొక్కు ఉంటే అమ్మవారి సిరిమాను జాతర నాడు పసిబిడ్డతో ఆ జనంలోకి వెళ్ళకు. ఇంకో మంగళవారం విజయనగరంలో మూడులాంతర్ల కూడలి దగ్గర అమ్మవారి గుడికి తీసుకెళ్ళు.

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదవ్వాలి. పేరు తేలకపోయినా ఆపకండి, 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాతైతే ఆలస్య రుసుము కట్టాలి.

ఇంగ్లీషులో పి పక్కన వై రాస్తారా, ఎ ఐ రాస్తారా? అది ఇవాళే తేల్చి కాగితం మీద పెట్టుకోండి. ఆసుపత్రిలో ఒకలా, ఆధార్ కేంద్రంలో ఇంకోలా పడితే ఆ తేడా పదో తరగతి మార్కుల జాబితా దగ్గర బయటపడుతుంది, అప్పుడు దిద్దించడానికి కాళ్ళరిగేలా తిరగాలి. ధ్రువపత్రం చేతికిచ్చినప్పుడు అక్కడే నిలబడి అక్షరం అక్షరం చదువుకో. ఇంటిపేరు ముందుందో వెనకుందో కూడా చూడు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ