డయాలసిస్ పేషెంటుకు కాలి ఏబీఐ 1.4 దాటితే మంచిదేనా?

మీ నాన్నకు షుగరు, పైగా డయాలసిస్, మడమ పుండు మానడం లేదు, కాలి పరీక్షలో ఏబీఐ 1.46 వచ్చింది, 0.9 కన్నా ఎక్కువే కదా అని అడిగారు. అన్నా, ఆ నంబరు చూసి ధైర్యంగా ఉండొద్దు.

మా అమ్మకు అనంతపురంలోనే డయాలసిస్. ఆమెకూ ఇలాగే ఎక్కువ వచ్చింది. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే లెక్క ఏబీఐ. 0.9 కన్నా తగ్గితే రక్తనాళం పూడుకుపోతున్నట్టు. 1.4 దాటిందంటే నాళం గోడలో కాల్షియం పేరుకుని, బీపీ పట్టీ ఎంత బిగించినా అణగనంత గట్టిపడినట్టు. లోపల రక్తం సరిగా పారుతోందో లేదో ఆ నంబరు చెప్పదు. కిడ్నీలు పోయినవాళ్లలో ఫాస్ఫరస్ బయటికి పోక కాల్షియంతో కలిసి నాళాల్లో చేరుతుంది కాబట్టి ఇది మామూలే, షుగరు తోడైతే మరీను. అమ్మ పాదానికి ఉత్త ఎక్స్‌రే తీస్తేనే ఎముకల పక్కన సన్నటి తెల్ల గీతలు కనబడ్డాయి. డాక్టరు సారు ఫిల్మును కిటికీకేసి పట్టి పెన్నుతో చూపిస్తే గానీ అవి రక్తనాళాలని మాకు తెలియలేదు.

బొటనవేలి బీపీ చూడమని అడగండి. వేలి నాళాలు అంతగా గట్టిపడవు, ఆ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.7 కన్నా తక్కువుంటే తేడా ఉన్నట్టే. ఆ పరికరం లేదంటే కాళ్లలో రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ తీయించి రక్తనాళాల డాక్టరుకు, అంటే వాస్క్యులర్ సర్జన్‌కు చూపించండి. కాలికి రక్తం చాలక నడిస్తే పిక్కలు పట్టేయడం అనే గుర్తు మనవాళ్లలో బయటపడదు, వాళ్లు నడిచేదే మంచం నుంచి ఆటో దాకా. రాత్రిపూట కాలు మంచం కిందికి వేలాడేస్తే హాయిగా ఉందంటున్నారా, డయాలసిస్‌లో బీపీ పడినప్పుడు పాదం నొప్పి అంటున్నారా, గమనించండి. పుండు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా ఆ రోజే వెళ్లండి.

డయాలసిస్‌లో నాలుగు గంటలు పడుకుంటే మడమ ఒకేచోట ఒత్తుకుంటుంది. పిక్క కింద దిండు పెట్టి మడమ పరుపుకు తగలకుండా చూడండి, సిస్టర్లు ఏమీ అనరు. వేడినీళ్ల కాపడం వద్దే వద్దు. స్పర్శ తగ్గిన కాలు బొబ్బలెక్కినా తెలియదు. మన ఎండల్లో బండల మీద చెప్పుల్లేకుండా నడిచినా అంతే, గుడికైనా సరే.

ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర అన్నంతో పాటు వేసుకుంటేనే పని చేస్తుంది, తిన్న గంటకు మింగితే దండగ. ఫాస్ఫరస్ ఎక్కువని చెనిక్కాయల చట్నీ తగ్గించమంటే అనంతపురం మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు, అమ్మ ఇప్పటికీ పోట్లాడుతుంది.

యాంజియోగ్రామ్ చేద్దామంటే భయపడకండి. కాకపోతే నాన్నకు ఇంకా కాస్త మూత్రం వస్తుంటే ఆ సంగతి ముందే చెప్పండి, ఆ మిగిలిన కిడ్నీ పని దెబ్బతినకుండా, నాళాలు కనబడటానికి ఎక్కించే మందు ఎంత వాడాలో వాళ్లు చూసుకుంటారు.