చివరి మూడు పేర్లు: బేస్‌బాల్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా అండర్-17 బేస్‌బాల్ జట్టుకు 16 మందిని ఎంపిక చేయాలి. 13 పేర్లు ఖాయమయ్యాయి. మిగిలిన మూడు చోట్లకు పదో తరగతి చదివే ముగ్గురు మంచి బ్యాటర్లు ఉన్నారు. విసురు బాగున్నా ఇంకా నిలకడ రాని ఎనిమిదో తరగతి పిల్లలు మరో ముగ్గురు ఉన్నారు. మా పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) ఒక్కడే, వాడికి 15 ఏళ్లు, వాడూ పదో తరగతే. పోటీల్లో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు పడవచ్చు. ఎవరిని తీసుకోమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట ‘మా పిచ్చర్ ఒక్కడే’ అన్నది. మీరడిగిన దానికి జవాబు కూడా అందులోనే ఉంది. ఎనిమిదో తరగతి పిల్లల్లో కనీసం ఇద్దరిని తప్పకుండా తీసుకోండి.

ఒకసారి లెక్క వేసి చూడండి. ఒక ఇన్నింగ్స్‌కు, అంటే ఎదుటి జట్టులో ముగ్గురు ఔటయ్యే దాకా, 15 బంతులే పడతాయనుకున్నా, 7 ఇన్నింగ్స్‌ల మ్యాచ్‌కు నూరు దాటుతాయి, మూడు మ్యాచ్‌లకు మూడు వందలు దాటుతాయి. అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌ను నడిపే లిటిల్ లీగ్ నిబంధనల ప్రకారం 13 నుంచి 16 ఏళ్ల పిల్లవాడు ఒక రోజులో 95 బంతులకు మించి వేయకూడదు. 15, 16 ఏళ్ల వాడు 76 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. 30 గానీ అంతకు తక్కువ గానీ వేసినవాడు మాత్రమే మర్నాడు మళ్లీ బంతి పట్టవచ్చు. ఈ లెక్కన మీ ఒక్క పిచ్చర్‌తో మూడు మ్యాచ్‌లు గట్టెక్కే దారి లేదు. ఆ వయసులో మోచేతి ఎముక చివర ఎదిగే భాగం ఇంకా గట్టిపడి ఉండదు. బలంగా విసిరిన ప్రతిసారీ మోచేతి లోపలి వైపున అక్కడే లాగుతుంది.

పాలమూరు జిల్లాలో ఒక పాఠశాల మైదానంలో చూసిన మ్యాచ్ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. పరుగు తీసేవాడు చేరాల్సిన బేస్‌లకు బదులు ఇసుక నింపిన గోనెసంచులు పెట్టారు, గీతలు సున్నంతో పోశారు. సన్నటి కుర్రవాడు ఒకడు ఆ రోజు రెండో మ్యాచ్ వేస్తున్నాడు. నాలుగో ఇన్నింగ్స్ దాకా బ్యాటర్ వెనుక బంతి పట్టే క్యాచర్ గ్లవ్‌లో బంతి పడ్డప్పుడల్లా టప్పుమని మోగేది. ఆ తరువాత వాడి మోచేయి భుజం కన్నా కిందికి జారింది, బంతులు బ్యాటర్ తలెత్తున పోసాగాయి, బంతికీ బంతికీ మధ్య వాడు ఎడమ చేత్తో కుడి మోచేయి లోపలి వైపు నొక్కుకోవడం మొదలుపెట్టాడు. చుట్టూ నిలబడ్డవాళ్లం ‘ఇంకొక్క ఔట్’ అని కేకలు వేస్తూనే ఉన్నాం. స్కోరు రాసే పిల్లవాడి పుస్తకంలో పరుగులున్నాయి, ఔట్లున్నాయి, వేసిన బంతుల లెక్క మాత్రం లేదు. నేను కూడా ఆ పూట లెక్కపెట్టలేదన్న బాధ నన్ను వదలలేదు.

ఇక ఎంపిక మాటకు వస్తాను. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి వచ్చిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ లోపలికి వెళ్లలేడు. అందువల్ల బెంచీ మీద కూర్చున్న బ్యాటర్‌కు మ్యాచ్‌లో మహా అయితే ఒకటి రెండు అవకాశాలు దొరుకుతాయి. రెండో పిచ్చర్, మూడో పిచ్చర్ అయితే రెండు మూడు ఇన్నింగ్స్‌ల భారం దించుతారు. పైగా పదో తరగతి పిల్లలు వచ్చే ఏడాది మీ బడిలో ఉండరు. ఎంత కరువొచ్చినా మన పాలమూరు రైతు విత్తనపు గింజల జోలికి పోడు. మీ ఎనిమిదో తరగతి పిల్లలు ఆ గింజలే.

వారిలో ఎవరిని ఎంచుకోవాలో వేగం చూసి నిర్ణయించకండి. పిచ్చర్ నిలబడే చోటికీ బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కూ మధ్య దూరం 18.44 మీటర్లు. కొలిచి గీత గీసి, ఒక్కొక్కరి చేత 20 బంతులు వేయించి, అందులో స్ట్రైక్‌లు, అంటే ప్లేట్ మీదుగా బ్యాటర్‌కు అందే ఎత్తులో పోయిన బంతులు, ఎన్నో రాసుకోండి. మర్నాడు మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తించిన తరువాత మళ్లీ అలాగే వేయించండి. రెండు రోజుల లెక్కల మధ్య తేడా తక్కువ ఉన్నవాడే మీకు కావలసినవాడు. క్రికెట్‌లో వేగంగా వేసేవాడు ఇక్కడా పనికొస్తాడనుకోవద్దు, ఎందుకంటే అక్కడ చేయి చాచి వేయాలి, ఇక్కడ మోచేయి మడిచి విసరాలి. బరిసె విసిరే పిల్లలుంటే వారినీ పిలిచి చూడండి. 2008లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌లో బరిసె విసిరినవారే. క్యాచర్‌ను మాత్రం పిచ్చర్‌గా వాడకండి, వాడి చేయి కూడా మ్యాచ్ పొడుగునా విసురుతూనే ఉంటుంది.

ప్రశ్న: మా జట్టులో ఇద్దరు కుర్రాళ్లు పోటీ పడుతున్నారు. ఇద్దరూ 20 సార్లు బ్యాటింగ్‌కు వచ్చారు. ఒకడు 6 హిట్లు (కొట్టి బేస్ చేరడం) కొట్టి, ఒకసారి వాక్ (పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే ఊరికే దక్కే బేస్) తీసుకున్నాడు. రెండోవాడు 4 హిట్లే కొట్టాడు కానీ 6 సార్లు వాక్ మీద బేస్ చేరాడు. మొదటి బ్యాటర్‌గా ఎవరిని పంపాలి?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: రెండోవాణ్ణి పంపండి. బ్యాటింగ్ సగటులో వాక్‌లు లెక్కకు రావు. అందుకే మొదటివాడి సగటు 19కి 6 చొప్పున .316, రెండోవాడిది 14కి 4 చొప్పున .286గా కనిపిస్తుంది. బేస్ చేరిన లెక్క తీస్తే మొదటివాడు 20లో 7 సార్లు, రెండోవాడు 20లో 10 సార్లు చేరాడు. మొదటి బ్యాటర్ పని బేస్ మీద నిలబడడమే, వెనుక వచ్చేవారు వాణ్ణి హోమ్ ప్లేట్‌కు చేర్చి పరుగు తెస్తారు. 2002లో అమెరికాలోని ఓక్లాండ్ అథ్లెటిక్స్ తక్కువ జీతాల జట్టుతో 103 మ్యాచ్‌లు గెలవడానికి, అందులో వరుసగా 20 గెలవడానికి, ఇతర జట్లు చిన్నచూపు చూసిన ఈ లెక్కను పట్టుకోవడం ఒక ముఖ్య కారణం. అయితే 20 అవకాశాలు చాలా తక్కువ. మరో రెండు మూడు మ్యాచ్‌లు ఇద్దరి లెక్కా రాస్తూ ఉండండి.

ప్రశ్న: అమెరికా బేస్‌బాల్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో 2025లో పిచ్చర్ యమమోటో వరుసగా రెండు రోజులు వేసి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టును గెలిపించాడు. నేను 60 బంతులు వేసి మర్నాడు మళ్లీ వేస్తానంటే మా సార్ ఒప్పుకోవడం లేదు. నాకు నొప్పి కూడా లేదు. ఆయన చేస్తున్నది సరైనదేనా?
– పదో తరగతి విద్యార్థి, జడ్చర్ల

జవాబు: సరైనదే బాబూ. యమమోటో ఆరో మ్యాచ్‌లో 96 బంతులు వేసి, మర్నాడు ఏడో మ్యాచ్‌లో 34 వేసిన మాట నిజమే. అప్పుడు ఆయన వయసు 27. అది ఆ సీజన్‌కు ఆఖరి మ్యాచ్, దాని తరువాత చేతికి నెలల తరబడి విశ్రాంతి దొరుకుతుంది. ఆ రాత్రి డాడ్జర్స్ తరఫున ఆరుగురు పిచ్చర్లు వేశారన్నది కూడా గుర్తుంచుకో. ఆయన చివర వచ్చినవాడు.

అదే సిరీస్‌లో మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్‌లు సాగింది. పిచ్చర్లందరూ అయిపోతున్న వేళ విల్ క్లైన్ అనే కుర్రవాడు వచ్చి నాలుగు ఇన్నింగ్స్‌లు, 72 బంతులు వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. అంతకుముందు ప్లేఆఫ్ దశల్లో అతనికి జట్టులో చోటే లేదు. చివరి పేర్లలో ఒకటిగా అతణ్ణి రాసుకున్నందువల్లే ఆ రాత్రి ఆ జట్టు నిలబడింది. మీ జట్టులోనూ నువ్వు వేయని రోజున వేసేవాడు ఒకడు తయారు కావాలి. ఆ అవకాశమే మీ సార్ వాడికి ఇస్తున్నారు.

నీ వయసుకు 60 బంతుల తరువాత రెండు రోజుల విశ్రాంతి అవసరం. నొప్పి లేదన్నావు, సంతోషం. అయినా విశ్రాంతి రోజుల్లో క్యాచర్‌గా కూడా నిలబడకు. ఏనాడైనా మోచేయి లోపలి వైపు నొక్కితే నొప్పి తెలిసినా, పొద్దున చేయి పూర్తిగా చాపలేకపోయినా, మ్యాచ్ ఎంత పెద్దదైనా సరే, ఆ రోజే మీ సార్‌కూ మీ అమ్మానాన్నలకూ చెప్పు.