అనుమానం ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

న్యూస్‌మాక్స్ అనే అమెరికా వార్తా సంస్థను పెట్టిన క్రిస్టఫర్ రడీ మీద నువ్వు రాసిన వ్యాసం మొన్న చేరింది. రాత్రి భోజనమయ్యాక మొదలుపెట్టి పన్నెండో పేజీ దాకా ఆపకుండా చదివాను. అక్కడ ఒక వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టి లేచిపోయాను. మర్నాడు మధ్యాహ్నం దాకా మళ్లీ ముట్టుకోలేదు. ఆ వాక్యం ఇది: "విన్సెంట్ ఫోస్టర్ మరణం నేటికీ పలు అనుమానాలకు తావిస్తూనే ఉంది."

ఎవరి అనుమానాలమ్మా? పేర్లు చెప్పు. నువ్వు అనుమానిస్తున్నావా? అయితే "నాకు అనుమానంగా ఉంది, కారణాలు ఇవి" అని రాయి, నీతో వాదిస్తాను. క్రిస్టఫర్ రడీ అనుమానించాడంటావా? అలాగే రాయి, అది నిజం. కానీ "తావిస్తూనే ఉంది" అన్న మాటలో మనిషి లేడు. ఎవరూ అనకుండానే అనుమానం దానంతటదే గాలిలోంచి ఊడిపడినట్టుంది. ముప్పై ఏళ్లు ఈ వాక్యంతో పోట్లాడాను. నీలాంటి చక్కటి చేతిరాత ఉన్న పిల్ల కలంలోంచి మళ్లీ అదే వచ్చేసరికి మనసు చివుక్కుమంది.

నీ వ్యాసం బాగుంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ బడిలో సాంఘికశాస్త్రం చెప్పుకుంటున్న కుర్రవాడు రడీ పత్రికల్లోకి ఎలా వచ్చాడో రాసిన భాగం మరీ బాగుంది. పుస్తకంగా వేయవచ్చా, ఎవరికి పంపాలి అని అడిగావు. ఆ సంగతి తరవాత చూద్దాం. ముందు ఆ వాక్యం సంగతి తేలాలి.

ఫోస్టర్ చనిపోయింది 1993 జులై 20న. వయసు 48. అమెరికా అధ్యక్ష భవనంలో ఉప న్యాయ సలహాదారు, అప్పటి అధ్యక్షుడు క్లింటన్ దంపతులకు ఆర్కన్సా నాటి స్నేహితుడు. మానసికంగా కుంగిపోయి ఉన్నాడు, చనిపోవడానికి ముందు రోజే వైద్యుడు మందు రాశాడు. శవం దొరికిన పార్కు పోలీసులు విచారించి ఆత్మహత్య అన్నారు. 1994లో ప్రత్యేక విచారణాధికారి రాబర్ట్ ఫిస్క్ అదే మాట చెప్పాడు. ప్రతినిధుల సభ వైపు నుంచి ఒక పరిశీలన, సెనేట్ వైపు నుంచి ఒక పరిశీలన జరిగాయి. ఫిస్క్ స్థానంలో వచ్చినవాడు కెనెత్ స్టార్. క్లింటన్‌ను అభిశంసన దాకా లాగినవాడు. కాస్త సందు దొరికినా వదిలిపెట్టే మనిషి కాడు. 1997 అక్టోబరులో ఆయన నివేదిక కూడా ఆత్మహత్యే అని తేల్చింది. ఐదు విచారణలు, ఒకటే జవాబు. ఫోస్టర్ మరణం మీద రడీ పుస్తకం అదే 1997లో వచ్చింది. ఈ తేదీలన్నీ నీ వ్యాసంలోనే ఉన్నాయి, తొమ్మిదో పేజీలో నువ్వే వరసగా రాశావు! అవన్నీ రాసిన చేత్తోనే పన్నెండో పేజీలో ఆ వాక్యం రాయగలిగావంటే, అది నువ్వు ఆలోచించి రాసింది కాదు. మన పత్రికల్లో పుట్టినప్పటి నుంచీ చదివిన వాక్యం నీ చేత రాయించుకుంది.

దాని పుట్టుక నాకు తెలుసు. పోలీసు స్టేషన్లో "అనుమానాస్పద మృతి" అని కేసు కడతారు. మృతికి కారణం ఇంకా తేలలేదని మాత్రమే దాని అర్థం. విలేకరి దాన్ని స్టేషన్ నుంచి తెచ్చి, "పలు అనుమానాలకు తావిస్తోంది" అని సాగదీస్తాడు. డెస్కులో కూర్చున్నవాడు దానికి "స్థానికంగా కలకలం" తగిలిస్తాడు. మర్నాటికి ఊళ్లో నిజంగానే అనుమానం పుడుతుంది. ఇదంతా బయటి నుంచి చూసి చెప్పడం లేదు. నేనూ చేశాను.

1987లో ఒక మండల కేంద్రంలో విలేకరిగా ఉండేవాణ్ణి. జీతం లేదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి డబ్బు లెక్కకట్టేవారు. సాయంత్రం ఆఖరి బస్సు డ్రైవరు చేతికి వార్తల కవరు ఇస్తే జిల్లా కేంద్రానికి చేరేది. పక్క ఊళ్లో ఒక ప్రాథమిక పాఠశాల మాస్టారు తన పొలంలోని బావిలో శవమై తేలాడు. నేను వెళ్లేసరికి శవాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. బావి గట్టు మీద చెప్పులు, విప్పి పెట్టిన చొక్కా, పక్కనే ఒక పానా ఉన్నాయి. ఆ పానా గురించి నేను రాయలేదు. "ఉపాధ్యాయుడి మృతి పలు అనుమానాలకు తావిస్తోంది" అని రాశాను. ఎనిమిది సెంటీమీటర్లు వచ్చింది.

వారం తిరక్కుండా శవపరీక్ష నివేదిక వచ్చింది. ఒంటి మీద గాయం లేదు, నీళ్లు మింగి పోయాడు. మోటారుకు నీరు అందడం లేదని ఫుట్‌వాల్వు విప్పడానికి దిగి, పాచి మెట్టు మీద కాలు జారాడు. పానా అందుకే అక్కడ ఉంది. కానీ ఈలోపే నా వార్త ఆ ఇంట్లో దూరిపోయింది. అత్తవారు కోడలితో మాట మానేశారు. ఆవిడ బస్సెక్కి నా గదికి వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన పత్రిక. గడప దగ్గరే నిలబడి ఒకే మాట అడిగింది. "అనుమానం ఎవరికి వచ్చింది బాబూ? పేరు చెప్పండి, వెళ్లి వాళ్లనే అడుగుతాను."

నా దగ్గర పేరు లేదు.

సవరణ రాసి పంపాను. రాలేదు. మళ్లీ పంపాను. మూడోసారి నేనే బస్సెక్కి వెళ్లి డెస్కు ఇన్‌చార్జి ముందు నిలబడ్డాను. "మనం చంపారని రాయలేదుగా, అనుమానం అన్నాం. అందులో సవరించేదేముంది?" అన్నాడాయన, టీ గ్లాసు కింద పెట్టకుండానే. ఆ తరవాత ఆయన చాలా పెద్దవాడయ్యాడు, సభల్లో విలువల గురించి మాట్లాడేవాడు. నేను మాత్రం ఆయన ఉన్న వేదిక ఎక్కలేదు. చివరికి ఆ సవరణను తెల్లకాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, మాస్టారి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడకు చదవడం రాదు. పదేళ్ల కూతురు గట్టిగా చదివి, కాగితం వెనక్కి తిప్పి చూసి, "ఇది పేపర్లో ఏ రోజు వస్తుంది?" అని అడిగింది.

అందుకే ఏ పత్రికారచయిత గురించి చదివినా నా కళ్లు మొదట ఒకటే వెతుకుతాయి. తన ప్రశ్నకు జవాబు వచ్చాక అతను ఏం చేశాడు? రడీ జీవితాన్ని రాయాలంటే ఇదొక్కటే దారి అని నా నమ్మకం. నువ్వేమో అతన్ని మొదటి పేజీ నుంచి "మితవాద పాత్రికేయుడు" అంటున్నావు. నాకు ఆ మాటతోనూ పేచీ ఉంది. మన భాషలో మితవాదులంటే గోఖలే వంటివాళ్లు, విన్నపాలతో పని జరుగుతుందని నమ్మినవాళ్లు. అమెరికా కుడిపక్షానికి ఆ పేరు ఎవరు అంటగట్టారో గానీ మన పత్రికలు కళ్లు మూసుకుని మోస్తున్నాయి. సంప్రదాయవాది అను. అది కూడా ఒకసారి చాలు. అతను ఏ పక్షమో తెలిస్తే అతను ఏం రాశాడో తెలిసినట్టు కాదు.

రాసినవి చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో నల్లజాతి సైనికుల 761వ ట్యాంకు దళం బూకెన్‌వాల్డ్, డకావ్‌లలోని నాజీ నిర్బంధ శిబిరాలను విముక్తం చేసిందని 1992లో అమెరికా ప్రజా టెలివిజన్‌లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. ఆ చెప్పిన కథ నిలవదని బయటపెట్టిన విలేకరుల్లో రడీ ఒకడు. ఆ దళంలోని సైనికులే మేము అక్కడ లేమన్నారు. టెలివిజన్ సంస్థ 1993లో దాన్ని ప్రసారాల నుంచి వెనక్కి తీసుకుంది. అది మంచి పని. ఆ వార్తలో అనుమానించినవారికి పేర్లున్నాయి, యుద్ధంలో తిరిగిన కాళ్లున్నాయి. దీనికి నువ్వు నాలుగు పంక్తులు ఇచ్చావు. నాలుగు పేజీలు ఇవ్వాలి. ఎందుకంటే ఆ తరవాతి కథంతా ఇక్కడే మొదలైంది. ఒకసారి అందరూ నమ్మినదాన్ని కాదని గెలిచిన విలేకరికి, అందరూ నమ్మిన ప్రతిదీ అబద్ధంగానే కనబడే ప్రమాదం ఉంది. ఆ రుచి నాకు తెలుసు, అది సామాన్యంగా వదలదు.

ఆ గెలుపుతోనే న్యూయార్క్ పోస్ట్‌లో ఉద్యోగం, ఫోస్టర్ వార్తలు. ఆ పైన రిచర్డ్ మెలన్ స్కేఫ్ సొంత పత్రిక పిట్స్‌బర్గ్ ట్రిబ్యూన్-రివ్యూ. స్కేఫ్ బ్యాంకుల మీద ఎదిగిన మెలన్ వంశపు ఆస్తికి వారసుడు. అక్కడ ఆ ఒక్క మరణం చుట్టూ ఏళ్ల తరబడి రాయడానికి వీలు దొరికింది. నేను స్కేలు కొలతల మీద బతికినవాణ్ణి గనక ఇది గట్టిగా చెబుతున్నాను. జవాబు వచ్చాక కూడా ప్రశ్న అడుగుతూ ఉండటానికి ఎవరో ఒకరు జీతం ఇవ్వాలి. నీ వ్యాసంలో స్కేఫ్ ఒక్క పేరాలో వచ్చి వెళ్లిపోతాడు. 1998లో న్యూస్‌మాక్స్ పెట్టిన తరవాత దానిలో డబ్బు పెట్టినవారిలోనూ అతనున్నాడు. ఆ దారాన్ని వదలకు.

ఇంకో దారం ఫోస్టర్ కుటుంబం. వాళ్లు నీ వ్యాసంలో అసలు లేరు. మరణస్థలంలో తీసిన ఫోటోలు తనకు ఇవ్వాలని ఒక న్యాయవాది కోర్టుకెక్కాడు. రడీ కాదు, అదే అనుమానాన్ని నమ్మిన మరొకడు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒక ఫోటో అప్పటికే బయటికి పొక్కిందని, అది చూసి తాను ఎలా తల్లడిల్లిపోయిందో ఫోస్టర్ సోదరి ప్రమాణపత్రంలో చెప్పుకుంది. 2004లో న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా కుటుంబం పక్షాన నిలిచారు. పదకొండేళ్లు, చూడమ్మా. నా గడప దగ్గర నిలబడిన ఆవిడకు ఏ కోర్టూ లేదు గానీ, అడిగింది అదే.

నువ్వు మొదలుపెట్టింది 2025 మార్చి 31తో. పది డాలర్లకు అమ్మిన న్యూస్‌మాక్స్ షేరు తొలిరోజు 83 డాలర్లు దాటి ముగియడం, స్టాక్ ఎక్స్ఛేంజిలో గంట మోగడం. పాఠకుణ్ణి మొదటి వాక్యంలోనే పట్టుకోవాలని ఎవరో నీకు చెప్పినట్టున్నారు. ఈ రోజుల్లో సంపాదకులందరిదీ ఇదే పాట. ఒక వారపత్రిక సంపాదకుడు నా వ్యాసంలో సాక్ష్యాలున్న భాగం మొత్తం కత్తిరించి, "పాఠకుడికి విసుగు" అని అంచు మీద రాసి పంపాడు. విసుగు పుట్టింది పాఠకుడికి కాదు, ఆయనకు. ఆ గంట మోత తీసేయి.

నీ ఆరంభం ఇరవై ఆరో పేజీలో ఉంది, నువ్వు సగం పంక్తిలో దాటేశావు. 2021 ఫిబ్రవరి 2. న్యూస్‌మాక్స్ తెర మీద దిండ్ల వ్యాపారి మైక్ లిండెల్ 2020 ఎన్నికల్లో ఓటింగ్ యంత్రాలతో మోసం జరిగిందని మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పటికి ఓటింగ్ యంత్రాల కంపెనీ స్మార్ట్‌మాటిక్ న్యాయవాదుల నోటీసు వచ్చింది, ఆ మోసానికి ఆధారం లేదని డిసెంబరులోనే ఆ చానల్ వివరణ ప్రసారం చేసింది. యాంకర్ బాబ్ సెల్లర్స్ ముందే రాసిపెట్టిన వివరణను లిండెల్ మాటల మీదుగా చదివాడు. అవతలి మనిషి ఆగలేదు. సెల్లర్స్ కుర్చీలోంచి లేచి కెమెరా ముందు నుంచి వెళ్లిపోయాడు. లిండెల్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇరవై ఏళ్లకు పైగా అనుమానాన్ని వార్తగా అందించిన కంపెనీలో ఆ రోజు అనుమానం ఒకవైపు, సవరణ ఒకవైపు ఒకే తెర మీద కూర్చున్నాయి. లేచి వెళ్లింది సవరణ. ఇంతకంటే మంచి ఆరంభం నీకు ఎవరిస్తారు?

ఆ తరవాత లెక్కలు రాయి, కింద చిన్న అక్షరాల్లో కాదు, వ్యాసం మధ్యలో. 2021 ఏప్రిల్‌లో మరో ఓటింగ్ యంత్రాల కంపెనీ డొమినియన్ ఉద్యోగి ఎరిక్ కూమర్‌కు క్షమాపణ. 2024 సెప్టెంబరులో స్మార్ట్‌మాటిక్‌తో 4 కోట్ల డాలర్లకు రాజీ. 2025 ఏప్రిల్‌లో డెలవేర్ న్యాయమూర్తి డొమినియన్ మీద ప్రసారమైన మాటలు అబద్ధమని తేల్చాక, ఆగస్టులో 6.7 కోట్ల డాలర్లకు మరో రాజీ. అది చెల్లించడానికి ఒప్పుకుంటూ కూడా మా వార్తలు న్యాయమైనవేనని కంపెనీ ప్రకటించింది. రెండూ కలిపితే 10.7 కోట్లు. నువ్వు అంత సంబరంగా వర్ణించిన ఆ మార్చి నెలలో జనానికి షేర్లు అమ్మి తెచ్చుకున్నది 7.5 కోట్లు. ఈ రెండు అంకెలూ ఒకే పేరాలో ఉండాలి.

క్లింటన్‌తో రడీకి ఆ తరవాత కుదిరిన స్నేహం, క్లింటన్ ఫౌండేషన్‌కు అతను ఇచ్చిన విరాళం గురించి నువ్వు "విధి వైచిత్రి" అన్నావు. విధి కాదు. ఆ మనిషి మారాడా, వ్యాపారం మారిందా, రెండూనా అన్నది నువ్వు తవ్వాలి. అతని ఇంటర్వ్యూలు చాలానే ఉన్నాయి, నువ్వు ఉన్నది కూడా ఆ దేశంలోనే. దొరికితే అతన్నే అడుగు. ఫోస్టర్ గురించి ఇప్పుడు ఏమనుకుంటున్నావని అడుగు. ఏం చెప్పినా, చెప్పకపోయినా, తేదీ వేసి రాయి.

ప్రతిని పోస్టులో తిప్పి పంపుతున్నాను. పన్నెండో పేజీలో ఆ వాక్యం కింద ఎర్ర గీత ఉంది. కొట్టేయలేదు. నువ్వే కొట్టేసి, దాని స్థానంలో ఏం రాశావో ఆ ఒక్క పేజీ ముందు పంపు. మిగతా ముప్పై మూడు పేజీలు ఆ తరవాత మళ్లీ చదువుతాను.

ఆశీస్సులతో.