జాఫర్ ఎక్స్‌ప్రెస్ హైజాక్: మా రూమ్‌లో ఆ రెండు రోజులు

పాకిస్తాన్‌లో క్వెట్టా నుంచి పెషావర్ పోయే జాఫర్ ఎక్స్‌ప్రెస్ రైలును బలోచ్ మిలిటెంట్లు ఎలా హైజాక్ చేయగలిగారు, అక్కడి మామూలు జనం వాళ్ల వైపే ఉన్నారా అని అడిగారు. నేను ఆ దేశం ఎప్పుడూ పోలేదు. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు, తొమ్మిదేళ్లుగా మస్కట్‌లో ఏసీ మెకానిక్‌గా చేస్తున్నాను. మా రూమ్‌లో ఆరుగురం ఉంటాం, అందులో ఒకాయన బలూచిస్తాన్ రాష్ట్ర రాజధాని క్వెట్టా పఠాన్, ఇంకొకాయన అదే రాష్ట్రంలో తుర్బత్ వైపు బలోచ్. పఠాన్‌ను అందరం లాలా అంటాం, వాళ్లలో అన్నను అలా పిలుస్తారు. బలోచ్ పెద్దాయనను వాజా అంటాం. ఆ రోజు ఆ రైల్లో లాలా తమ్ముడు ఉన్నాడు.

2025 మార్చి 11, మంగళవారం. రంజాన్ నెల కాబట్టి సైట్ త్వరగా మూసేశారు. నేను రూమ్‌కు వచ్చేసరికి లాలా మంచం అంచున కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. తమ్ముడికి పెట్టిన మెసేజ్‌కు ఒకటే టిక్ పడింది. పొద్దున తొమ్మిదింటికి క్వెట్టా స్టేషన్‌లో బయల్దేరుతూ ఫోటో పంపాడట, ఆ తర్వాత ఏమీ లేదు. సాయంత్రం ఉపవాసం విడిచే టైమ్‌కు కింద ప్లాస్టిక్ షీట్ పరిచి ఖర్జూరాలు, పకోడీలు పెట్టాం. లాలా ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్లు తాగి మళ్లీ ఫోన్ పట్టుకున్నాడు. ఆయన పక్కనే వాజా. అప్పటికే దాడి చేసింది తామేనని, బలూచిస్తాన్‌ను వేరే దేశం చేయాలని తుపాకీ పట్టిన బలోచ్ లిబరేషన్ ఆర్మీ (బీఎల్ఏ) చెప్పేసింది. ఆ షీట్ మీద ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

ఎలా కుదిరింది అంటే, అదంతా ఆ చోటును బట్టే. రైలును విమానంలా ఇంకో చోటికి మళ్లించలేరు కదా, అందుకని ఎవరూ రాలేని చోట ఆపేశారు. క్వెట్టా నుంచి దిగే లైను బోలాన్ కనుమలోంచి పోతుంది. బ్రిటిష్ వాళ్లు వేసిన లైను, రెండు పక్కలా బోడి కొండలు, మధ్యలో వరసగా సొరంగాలు, వాలు ఎక్కువ కాబట్టి రైలు నెమ్మదిగా పోవాల్సిందే. ముష్కాఫ్ దగ్గర పట్టాలు పేల్చేశారు, ఇంజిన్ ఆగగానే కొండల మీది నుంచి కాల్పులు మొదలుపెట్టి బోగీల్లోకి ఎక్కేశారు. అక్కడికి సరైన రోడ్డు లేదు, సెల్ సిగ్నల్ అసలే లేదు. 9 బోగీలు, సైన్యం చెప్పిన లెక్క ప్రకారం 440 మంది. జైళ్లలో ఉన్న బలోచ్ ఖైదీలను 48 గంటల్లో వదలాలని డిమాండ్ పెట్టారు.

ఇది పెద్ద ఆశ్చర్యమేమీ కాదని లాలానే చెప్పాడు. 2024 ఆగస్టులో ఇదే లైనులో ఒక బ్రిడ్జి పేల్చేస్తే రైళ్లు వారాల తరబడి ఆగిపోయాయి. అదే నవంబర్ 9న క్వెట్టా స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద ఆత్మాహుతి దాడి జరిగింది, పాతిక మందికి పైగా చనిపోయారు. మరి తెలిసి కూడా తమ్ముడిని ఎందుకు ఎక్కనిచ్చారని అడిగాను. విమానం టికెట్‌కు డబ్బులు కావాలి, రోడ్డు మీద బస్సులు ఆపి కార్డులు చూసి చంపిన సంఘటనలు ఉన్నాయి, ఇంక మిగిలింది రైలే కదా అన్నాడు. రావల్పిండిలో పని ఉంది, పోకపోతే ఆ పని పోతుంది. మన దగ్గర దసరాకు దుబాయ్ నుంచి వచ్చి మళ్లీ పరుగెత్తే పిల్లల్లాంటి వాడే.

ఆ రాత్రి అందరికీ ఒకటే టెన్షన్. ఒక ఛానల్ వందమందిని విడిపించారంటుంది, ఇంకొకటి డ్రైవర్ చనిపోయాడంటుంది. తీరా చూస్తే డ్రైవర్ ఇంజిన్‌లోనే దాక్కుని ప్రాణాలతో బయటపడ్డాడు. మధ్యలో క్వెట్టా నుంచి బోలాన్‌కు రెండు వందలకు పైగా ఖాళీ శవపేటికలు పంపుతున్నారన్న వార్త వచ్చింది. ముందు జాగ్రత్త కోసమే అన్నారు గానీ, అది చూశాక లాలా ఫోన్ బోర్లా పెట్టేశాడు. అప్పుడు వాజా లేచి టీ పెట్టుకొచ్చి ఆయన ముందు పెట్టాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. తమ్ముడు బతికే ఉన్నాడు. మిలిటెంట్లు గుర్తింపు కార్డులు చూసి మనుషుల్ని వేరు చేశారట. ఆడవాళ్లను, పిల్లల్ని, ముసలివాళ్లను, స్థానికులను పొమ్మన్నారు. కార్డు మీద క్వెట్టా అడ్రస్ ఉంది కాబట్టి ఇతన్నీ పొమ్మన్నారు. రాళ్ల మీద గంటల తరబడి నడిచి పనీర్ అనే చిన్న స్టేషన్‌కు చేరారు, అక్కడి నుంచి ఇంకో రైల్లో మచ్‌కు. వెనక కాల్పులు వినిపిస్తూనే ఉన్నాయట. ఎదురు సీట్లో పంజాబ్ కుర్రాడు ఒకడు ఉన్నాడు, పొద్దుటి నుంచి ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ వచ్చారు, అతని ఛార్జర్ ఇతను అడిగి తీసుకున్నాడు. ఆ కుర్రాడిని ఆపేశారు. పేరు ఒకటే తెలుసు, ఇంటి పేరు తెలియదు, ఊరు తెలియదు. ఇంటికొచ్చి జేబులో చెయ్యి పెడితే ఛార్జర్ ఉంది. ఆ అబ్బాయి ఉన్నాడో లేడో ఇప్పటికీ తెలియదు.

12వ తేదీ సాయంత్రానికి ఆపరేషన్ ముగిసింది. బందీల మధ్య బాంబు జాకెట్లు వేసుకుని కూర్చున్నవాళ్లను ముందు స్నైపర్లు కాల్చారని, మొత్తం 33 మంది మిలిటెంట్లు చనిపోయారని సైన్యం చెప్పింది. చనిపోయిన బందీలు మొదట 21 అన్నారు, తర్వాత 26 అన్నారు. బీఎల్ఏ మాత్రం 214 మందిని చంపామని ప్రకటించుకుంది. దీని వెనక ఇండియా ఉందని పాకిస్తాన్ అంది, మన విదేశాంగ శాఖ కొట్టిపారేసింది.

ఇక జనం వాళ్ల వైపే ఉన్నారా అన్న ప్రశ్న. దీనికి వాజా సంగతి చెప్పాలి. బలూచిస్తాన్ తీరంలోని గ్వాదర్ 1958 దాకా ఒమన్ చేతిలోనే ఉండేది, అందుకే మస్కట్‌లో తరాలుగా స్థిరపడ్డ బలోచ్ కుటుంబాలు చాలా ఉన్నాయి, ఈయన మాత్రం మాలాగే వీసా మీద వచ్చినవాడు. ఈయన పెదనాన్న కొడుకును 2016లో రాత్రిపూట ఎవరో వచ్చి తీసుకెళ్లారు. శవం రాలేదు, కేసు లేదు, అతని భార్య ఇంకా ఎదురుచూస్తోంది. బలూచిస్తాన్‌లోని సుయీలో 1952లో గ్యాస్ దొరికితే అది దేశమంతా వెళ్లింది గానీ మా వైపు ఇళ్లలో ఇంకా కట్టెల పొయ్యే అంటాడు. వాజాకు ఆ కోపం ఉంది, ఉండాల్సిందే. కానీ లాలా తమ్ముడి మీదికి తుపాకీ పెట్టినవాళ్లను ఆయన ఒక్కసారి కూడా వెనకేసుకు రాలేదు. ఆ శుక్రవారం లాలాతో అన్నాడు, "నా తమ్ముడి పేరు చెప్పి నీ తమ్ముడిని ఆపమని నేను ఎవరికీ చెప్పలేదు." లాలా ఆయన భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

దానికి తోడు, తుపాకీ పట్టకుండా, ఇలా రాత్రికి రాత్రి మాయమైనవాళ్ల కోసం ధర్నాలు చేసే డాక్టర్ మహరంగ్ బలోచ్‌ను అదే మార్చి 22న అరెస్టు చేశారు. వాజా ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడు కుర్రాళ్లు ఎవరి మాట వింటారు అని ఒకటే బాధ.

మన తెలుగు గ్రూపుల్లో ఆ రెండు రోజులు "భలే కొట్టారు" అని పెట్టినవాళ్లను చూశాను, నాకు చాలా కోపం వచ్చింది. శత్రుదేశమే అనుకోండి, ఆ బోగీల్లో కూర్చున్నది ఎక్కువమంది పండక్కి ఇంటికి పోయేవాళ్లు, పనికి పోయేవాళ్లు.

రెండు వారాలు దాటాక మార్చి చివర్లో ఆ రైలు మళ్లీ మొదలైంది. జూన్‌లో జాకోబాబాద్ దగ్గర, ఆగస్టులో మస్తుంగ్ జిల్లాలో మళ్లీ పట్టాలు పేల్చారు. లాలా తమ్ముడు రావల్పిండి పని వదిలేసి క్వెట్టాలోనే ఒక హార్డ్‌వేర్ షాపులో చేరాడు, జీతం సగమే. ఆగస్టులో భద్రత పేరుతో బలూచిస్తాన్ అంతా మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రోజుల్లో రాత్రి డ్యూటీ అయ్యాక లాలా ఒక మంచం మీద, వాజా ఇంకో మంచం మీద ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఇద్దరి మెసేజ్‌లకూ ఒకటే టిక్.